మెయింటెనెన్సు మాది, మీటింగు వాళ్ళది

నెలనెలా అయిదో తారీఖులోపు 2500 రూపాయలు మెయింటెనెన్సు కడతాను. మా అపార్ట్‌మెంట్‌లో నిజంగా మెయింటెయిన్ అవుతున్నదేదైనా ఉందీ అంటే అది ఆ డబ్బులు వసూలు చేసే రిజిస్టరొక్కటే. నీట్‌గా అట్ట వేసి, ఎర్రగీతలు కొట్టి, ఫ్లాట్ నంబర్ల వారీగా రాసుంటుంది. అందులో సగం శ్రద్ధ లిఫ్టు మీద పెట్టినా నాకీ గోల చెప్పుకునే అవసరం వచ్చేది కాదు.

హైదరాబాదుకొచ్చి అయిదేళ్ళయింది. కంపెనీ ఒక్కసారే మారాను గానీ, ఇల్లు మాత్రం ఇది మూడోది. మొదటి ఇల్లు ఓనరుగారబ్బాయి అమెరికా నుంచి వచ్చేస్తున్నాడని ఖాళీ చేయించారు. ఆ అబ్బాయి ఇంతవరకూ రాలేదు, మా తర్వాత దిగినవాళ్ళు మాత్రం నాలుగు వేలు ఎక్కువ కడుతున్నారు. రెండో ఇల్లు మేమే వదిలేశాం. అక్కడ అడ్వాన్సులో ఒక నెల అద్దె పెయింటింగ్ కింద పట్టుకున్నారు. ఆ గోడలకి మేం దిగేటప్పుడు ఏ రంగుందో, వెళ్ళేటప్పుడూ అదే ఉంది, తర్వాత వచ్చినవాళ్ళకీ అదే రంగు! అంటే ఒక్క సున్నం డబ్బాతో తరతరాల టెనెంట్ల దగ్గర పెయింటింగ్ ఛార్జీలు వసూలవుతున్నాయన్నమాట. మనం రాసే కోడ్‌లో ఇంత రీయూజబిలిటీ ఉంటే ఏ మేనేజరైనా నెత్తిన పెట్టుకుంటాడు :-)

ఇల్లు వెతుక్కునేటప్పుడు అడిగే ప్రశ్నల గురించి మీకు నేను కొత్తగా చెప్పక్కర్లేదు. "ఫ్యామిలీయేనా?", "ఇద్దరూ ఉద్యోగాలేనా?", "ఊర్నుంచి చుట్టాలు ఎక్కువగా వస్తుంటారా?" అన్నీ అయ్యాక గొంతు కాస్త తగ్గించి, "ఏమీ అనుకోకండి, మీరేవిట్లు?" అని. ఏవిట్లో తెలిస్తే నీళ్ళ ట్యాంకు నిండుతుందా, లిఫ్టు కదులుతుందా? అయినా అడుగుతారు, మనం నీళ్ళు నములుతాం. బ్యాచిలర్లయితే ఈ ప్రశ్నలదాకా కూడా రారు, టులెట్ బోర్డు దగ్గరే వాచ్‌మన్ చెయ్యూపేస్తాడు.

సరే, అసలు విషయానికొస్తాను. మేముండేది మియాపూర్ వైపు. 2017 నవంబరులో మెట్రో మొదలయ్యాక ఈ చుట్టుపక్కల ఖాళీ జాగా కనిపిస్తే చాలు ఒక అపార్ట్‌మెంట్ లేచింది. మాది కింద పార్కింగు, పైన అయిదంతస్తులు, అంతస్తుకి ఎనిమిది చొప్పున 40 ఫ్లాట్లు. ఇందులో ఓనర్లుండేవి 14. మేం అద్దెవాళ్ళం 24. రెండు ఖాళీ. అంటే బిల్డింగులో మెజారిటీ మాదే. కానీ అసోసియేషన్‌లో మాకు ఒక్క ఓటు కూడా లేదు. సిస్టమ్ మొత్తాన్నీ వాడేది మేము, మాకున్నది మాత్రం రీడ్ ఓన్లీ యాక్సెస్. కాదులెండి, అది కూడా లేదు. లెక్కలు చూపించమంటే "ఓనర్లకే చూపిస్తామండీ" అన్నారు.

ఆ "రీడ్" కూడా లేకపోవడమంటే ఏమిటో వాట్సాప్ గ్రూపు సంగతి చెబితే అర్థమవుతుంది. మా అపార్ట్‌మెంట్‌కి ఒక గ్రూపుంది, అందులో ఓనర్లు మాత్రమే ఉంటారు. రేపు పొద్దున మోటరు రిపేరు, నీళ్ళు రావు అని సెక్రటరీగారు అందులో పెడతారు. మా ఓనరుగారుండేది డల్లాస్‌లో. కాబట్టి మా బాత్రూంలో నీళ్ళు రావన్న సంగతి మాకన్నా ముందు డల్లాస్‌లో ఉన్న మనిషికి తెలుస్తుంది. ఆయన దాన్ని చూసి, బహుశా ఒక బొటనవేలు బొమ్మ పెట్టి, నిద్రపోతారు. ఇక్కడ నేను తలకి షాంపూ పెట్టుకుని నిలబడితే కుళాయి "స్స్..." అంటుంది. కిందికి ఫోన్ చేస్తే వాచ్‌మన్, "నీళ్ళు ఒడిసినయ్ సారూ, నిన్ననే గ్రూపుల ఏసిన్రంట గద" అంటాడు.

నీళ్ళ లెక్క కాస్త వివరంగా చెప్తాను, ఇంజినీరింగ్ చదివినందుకు ఆ మాత్రం చెయ్యకపోతే ఎలా. నగరాల్లో మనిషికి రోజుకి 135 లీటర్లు అని మన దేశంలో ఒక ప్రమాణం ఉంది. మా బిల్డింగులో చిన్నాపెద్దా కలిపి సుమారు 130 మంది. అంటే రోజుకి 17,550 లీటర్లు. మున్సిపల్ నీళ్ళు రోజు విడిచి రోజు ఒక గంట వస్తాయి, సగటున రోజుకి ఒక 5000 లీటర్లనుకోండి. వాటిని అందరం "మంజీర నీళ్ళు" అంటాం గానీ, ఎల్లంపల్లి నుంచి గోదావరి నీళ్ళు నగరానికి రావడం మొదలయ్యాక ఏ పైపులో ఏ నది పారుతోందో మనకేం తెలుస్తుంది! మిగతాది బోరు ఇవ్వాలి. ఫిబ్రవరి దాకా ఇస్తుంది. ఏప్రిల్ వచ్చేసరికి బోరు గాలి కొడుతుంది. ఇక మిగిలిన 12,500 లీటర్లకీ ట్యాంకరే దిక్కు. ట్యాంకరుకి 5000 లీటర్లు, అంటే రోజుకి రెండున్నర, నెలకి 75. ట్యాంకరు 1200 రూపాయలు. 2021 జనవరిలో నగరంలో ఇంటికి నెలకి 20 వేల లీటర్ల నీళ్ళు ఉచితం అని పథకం మొదలైనప్పుడు అందరం సంబరపడ్డాం. పైపులో రాని నీళ్ళు ఉచితమైతే ఎంత, కాకపోతే ఎంత? ట్యాంకరువాడికి ఆ పథకం వర్తించదు కదా.

ఈ వేసవిలో ఏప్రిల్ బిల్లు ఇలా వచ్చింది. 40 ఫ్లాట్లకి రావాల్సింది లక్ష రూపాయలు. ఆరు ఫ్లాట్లవాళ్ళు కట్టలేదు. వచ్చింది 85 వేలు. వాచ్‌మన్ జీతం, కామన్ కరెంటు, చెత్త, క్లీనింగు, మోటరు రిపేర్లు పోను చేతిలో 46 వేలు. ట్యాంకర్లు 78, అంటే 93,600. తక్కువ పడ్డ డబ్బు తలా 1190 చొప్పున "వాటర్ ఎక్స్‌ట్రా" అని వేశారు. కట్టని ఆరు ఫ్లాట్లలో నాలుగింటి ఓనర్లు ఊళ్ళో లేనివాళ్ళు. వాళ్ళ బకాయి కూడా మా నెత్తినే పడిందన్నమాట.

నీళ్ళ బాధ ఎలాగో పడొచ్చు, బకెట్లు నింపి పెట్టుకుంటే సరి. కానీ ఈ ఏడాది మార్చిలో జరిగింది అలాంటిది కాదు.

మార్చి మొదటివారంలో లిఫ్టు ఆగిపోయింది. కంట్రోల్ బోర్డు కాలిపోయిందన్నారు. యాన్యువల్ మెయింటెనెన్సు కాంట్రాక్టు అంతకు ముందు ఏడాదే అయిపోయిందట, రెన్యూ చేయలేదు. కొత్త బోర్డుకి, లేబరుకి కలిపి 65 వేలు అడిగారు. అక్కడ మొదలైంది గొడవ. కింది అంతస్తుల ఓనర్లు "మేం లిఫ్టు వాడం" అన్నారు. పైవాళ్ళు "టెనెంట్లు సామాన్లు ఎక్కించి దించి పాడు చేశారు, వాళ్ళ దగ్గర వసూలు చెయ్యండి" అన్నారు. ఊళ్ళో లేని ఓనర్లు అసలేమీ అనలేదు. 65 వేలని 40తో భాగిస్తే 1625 రూపాయలు. మల్టీప్లెక్సులో కుటుంబమంతా సినిమా చూసి, పాప్‌కార్న్ తింటే అయ్యే ఖర్చు. దానికోసం అయిదంతస్తుల జనం వారాల తరబడి మెట్లెక్కారు. గ్యాస్ బండ తెచ్చే అబ్బాయి మూడో అంతస్తుకి 50, అయిదో అంతస్తుకి 100 అని రేటు పెట్టాడు. అతన్ని తప్పు పట్టలేం.

నాలుగో అంతస్తులో మా పైన ఒక మామ్మగారుండేవారు. కొడుకూ కోడలూ ఇద్దరూ ఐటీనే, మాలాగే అద్దెకి. లిఫ్టు ఆగిన పంతొమ్మిదో రోజు రాత్రి పదకొండు గంటలకి ఆవిడకి గుండెల్లో నొప్పొచ్చింది. అంబులెన్సు పది నిమిషాల్లో గేటు దగ్గరికొచ్చింది. దాని స్ట్రెచర్ మా మెట్ల మలుపుల్లో తిరగలేదు. చివరికి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, చీరతో నడుం దగ్గర కట్టి, వాళ్ళబ్బాయి, నేను, వాచ్‌మన్, అంబులెన్సు అబ్బాయి నలుగురం మోసుకుంటూ దించాం. రెండో అంతస్తు దగ్గర మెట్ల మీద లైటు లేదు. మా ఆవిడ ముందు సెల్‌ఫోన్ లైటు పట్టుకుని వెనక్కి నడిచింది. నొప్పితో చెమటలు పట్టి ఉన్న మనిషి, ఆ కుర్చీలో కూర్చుని, "మీకు నడుం పట్టేస్తుందేమో నాయనా, నెమ్మదిగా..." అంటున్నారు. అంబులెన్సు వచ్చిన పది నిమిషాల కంటే, ఆ నాలుగంతస్తులు దిగడానికి ఎక్కువసేపు పట్టింది.

దేవుడి దయవల్ల ఆవిడ బతికారు. స్టెంటు వేశారు, అయిదు రోజుల్లో పంపించేశారు. అయితే ఎక్కడికి వెళ్తారు? లిఫ్టు ఇంకా అలాగే ఉంది. కూతురింటికి వెళ్ళారు, మళ్ళీ ఈ బిల్డింగు మొహం చూడలేదు. నెల తిరక్కుండా కొడుకూకోడలూ ఖాళీ చేశారు. నోటీసు పీరియడ్ పాటించలేదని వాళ్ళ అడ్వాన్సులోంచి ఒక నెల అద్దె కోసుకున్నారని విన్నాను.

ఆ తర్వాతి ఆదివారం పార్కింగులో అసోసియేషన్ మీటింగు. వెళ్ళాను. కుర్చీలో కూర్చోకుండా స్తంభం పక్కన నిలబడే, "లిఫ్టు విషయం ఏం చేశారండీ?" అన్నాను. ప్రెసిడెంటుగారు బ్యాంకులో రిటైరయిన పెద్దమనిషి. కోప్పడలేదు, చాలా మర్యాదగానే, "బాబూ, ఇది ఓనర్స్ మీటింగు. మీ పాయింటేదైనా ఉంటే మీ ఓనరుగారితో చెప్పించండి" అన్నారు. మా ఓనరుగారికి రాత్రి మెసేజి పెట్టాను. "ఐ విల్ లుక్ ఇన్‌టు ఇట్" అని తెల్లారేసరికి జవాబు. ఆఫీసులో ఈ వాక్యానికి అర్థమేమిటో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

చట్టం ఏమంటుందో చూద్దామని కూర్చున్నాను. మన దగ్గర అపార్ట్‌మెంట్ల చట్టం 1987లో వచ్చింది. అందులో బిల్డింగు నిర్వహణ ఓనర్ల సంఘానిది, టెనెంటుకి ఓటు లేదు. న్యాయమే అనుకుందాం, ఆస్తి వాళ్ళది. ఇక అద్దె నియంత్రణ చట్టం 1960 నాటిది. ఇంటి యజమాని నీళ్ళూ కరెంటూ లాంటి సౌకర్యాలు అకారణంగా ఆపకూడదని అందులో ఉంది. చదివి ఆనందపడేలోపే ఇంకో సంగతి తగిలింది. 2005 సవరణలో, నగరపాలక సంస్థల పరిధిలో నెల అద్దె 3500 దాటిన ఇళ్ళని ఆ చట్టం నుంచి తప్పించారు. మా అద్దె 22 వేలు. హైదరాబాదులో 3500కి హాస్టల్లో మంచం దొరికితే గొప్ప. అంటే ఆ చట్టం రక్షించాల్సిన ఇల్లు ఈ ఊళ్ళో దుర్భిణీ వేసి వెతకాలి. 2021 జూన్‌లో కేంద్ర కేబినెట్ నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించింది. అడ్వాన్సు రెండు నెలలు మించకూడదు, ఇంట్లోకి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలి, యజమానైనా మేనేజరైనా అత్యవసర సౌకర్యాలు ఆపకూడదు... అన్నీ బంగారంలాంటి మాటలు. కానీ నమూనా నమూనాయే, రాష్ట్రం చట్టం చేసుకుంటే తప్ప అమలు కాదు. మనం రాసే డిజైన్ డాక్యుమెంట్లలాగా.

ఇదంతా చదివాక ఒకటి అర్థమైంది. మా బాధకి విలన్ ఎవరని వెతికితే ఒక్కడూ దొరకడు. ప్రెసిడెంటుగారు జీతం లేని పని చేస్తున్నారు, పొద్దున్నే ఆరింటికి ట్యాంకరువాడితో గొంతు చించుకునేది ఆయనే. మా ఓనరుగారు ఒక్క ఏడాదే అద్దె పెంచిన మంచిమనిషి. ఆయనకి ఈ ఫ్లాటు ఒక ఇఎమ్‌ఐ, ఒక అద్దె ఎంట్రీ, అంతే. నిర్ణయం తీసుకునేవాడు మెట్లెక్కడు, మెట్లెక్కేవాడు నిర్ణయం తీసుకోడు. అసలు చిక్కంతా ఈ ఒక్కచోటే ఉంది. ప్రొడక్షన్‌లో బగ్ ఎంత ఘోరంగా ఉన్నా, అది డెవలపర్ మెషీన్ మీద కనబడకపోతే ప్రయారిటీ తక్కువే కదా.

దీనికి ఋజువు కూడా దొరికింది. లిఫ్టు ముప్ఫై నాలుగో రోజున బాగుపడింది. కారణం నా మీటింగూ కాదు, మామ్మగారి గుండెనొప్పీ కాదు. అయిదో అంతస్తులో ఉండే ఓనరుగారింట్లో నిశ్చితార్థం పెట్టుకున్నారు, మగపెళ్ళివారు మెట్లెక్కి రావాల్సొస్తుందని తెలిసింది. రెండ్రోజుల్లో 65 వేలూ పోగయ్యాయి. అంటే డబ్బు ఎప్పుడూ అడ్డం కాదన్నమాట.

ఇక ట్యాంకర్ల సంగతి. మా వాచ్‌మన్ పాలమూరు వైపు నుంచి వచ్చినవాడు. భార్య నాలుగిళ్ళలో గిన్నెలు తోముతుంది, ఇద్దరు పిల్లలతో సంపు పక్కన మెట్ల కింద ఒక్క గదిలో ఉంటారు. చదువు రాదు గానీ లెక్క తప్పడు. ట్యాంకరు వచ్చినప్పుడల్లా ఆ గది గోడ మీద బొగ్గుతో ఒక గీత గీస్తాడు. మే మొదటివారంలో ఒకరోజు పార్సిల్ తీసుకోడానికి వెళ్ళి, ఆ గీతలు చూసి ఊరికే లెక్కపెట్టాను. ఏప్రిల్‌కి 61 గీతలు. బిల్లులో 78. తేడా 17 ట్యాంకర్లు, అంటే 20,400 రూపాయలు. నేను పైన చేసిన లెక్క ప్రకారం 75 దాకా రావచ్చు కాబట్టి 78 చూస్తే ఎవరికీ అనుమానం రాదు. కాయితం మీద సరిపోయే లెక్కని ఎవరు ప్రశ్నిస్తారు?

నిజం చెప్పాలంటే ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మీటింగులో ఈ 17 గురించి అడిగితే, వచ్చే మొదటి ప్రశ్న "నీకెవరు చెప్పారు?" అని. రెండో రోజుకి ఆ గదికి తాళం పడుతుంది. మా ముందు వాచ్‌మన్‌ని మోటరు కాలిపోయిందన్న సాకుతో గంటలో పంపించేశారట. మాకు నచ్చకపోతే అడ్వాన్సు వదులుకుని ఇంకో ఇల్లు చూసుకుంటాం. అతని ఇల్లు, ఉద్యోగం, భార్య పని, పిల్లల బడి అన్నీ ఆ ఒక్క గదికే ముడిపడి ఉన్నాయి. ఈ బిల్డింగులో మేం ఓటులేనివాళ్ళమైతే, అతను అసలు లెక్కలోనే లేనివాడు.

అందుకని గోడ సంగతి ఎత్తలేదు. అద్దెవాళ్ళం పదకొండు ఫ్లాట్ల నుంచి కలిసి ఒక అరపేజీ కాగితం రాశాం. ఆరోపణ లేదు, కోపం లేదు. "వాటర్ ఎక్స్‌ట్రా మేం సంతోషంగా కడతాం, ట్యాంకరువాడిచ్చే రసీదులు నోటీసు బోర్డుకి గుచ్చండి. అవి చూపిస్తే మా ఓనర్లకి చెప్పుకోడానికి మాకూ వీలుగా ఉంటుంది." ఇంతే. సంతకాలు పెట్టి ప్రెసిడెంటుగారి చేతికిచ్చాం. ఆయన రెండుసార్లు చదివి, "ఇందులో తప్పేముంది, పెట్టిద్దాం" అన్నారు. పెట్టించారు కూడా. మే నెల ఎండలు ఏప్రిల్‌ని మించాయి, జనం తగ్గలేదు, బోరు తిరిగి రాలేదు. ట్యాంకర్లు మాత్రం 64కి దిగాయి. ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు. వాచ్‌మన్ గది గోడ మీద గీతలు పెరుగుతూనే ఉన్నాయి, ఇప్పుడు బోర్డు మీద లెక్కా అదే.

మనవాళ్ళ సంగతి కూడా చెప్పాలి, లేకపోతే న్యాయం కాదు. "ఎలాగూ పదకొండు నెలల అగ్రిమెంటే కదా" అని సింకులో అన్నం మెతుకులు పోసేవాళ్ళూ, కుళాయి విప్పి ఆఫీసుకి వెళ్ళిపోయేవాళ్ళూ, లిఫ్టు తలుపుకి చెప్పు అడ్డం పెట్టి సామాను సర్దుకునేవాళ్ళూ మాలోనే ఉన్నారు. ఆ కాగితం మీద సంతకం అడిగితే "మనకెందుకు బ్రదర్, డిసెంబర్లో ఖాళీ చేస్తున్నా" అన్నవాళ్ళు పదముగ్గురు. ఇది మన ఇల్లు కాదు అని టెనెంటు అనుకుంటాడు, ఇక్కడ ఉండేది నేను కాదు అని ఓనరు అనుకుంటాడు. మరి ఆ బిల్డింగు ఎవరిదండీ?

ఇది చదువుతున్నవాళ్ళలో నాలాంటి అద్దెవాళ్ళెంతమందో, ఓనర్లూ అంతమంది ఉంటారని తెలుసు. బెంగుళూరులోనో, డల్లాస్‌లోనో కూర్చుని హైదరాబాదు ఫ్లాటుకి ఇఎమ్‌ఐ కడుతున్నవాళ్ళు. మిమ్మల్ని అద్దె తగ్గించమనట్లేదు. రెండే పనులు. మెయింటెనెన్సు బకాయిలుంటే కట్టేయండి, మీరు ఎగ్గొట్టింది పక్క ఫ్లాటువాడి బిల్లులో తేలుతోంది. రెండోది, మీ అపార్ట్‌మెంట్ గ్రూపులో మీ టెనెంటుని కూడా చేర్పించండి. ఓటు ఇవ్వకపోయినా ఫర్వాలేదు, కనీసం వార్త తెలియనివ్వండి. దీనికి ఏ చట్టమూ అక్కర్లేదు, ఏ రాష్ట్రమూ సవరణ తేవక్కర్లేదు, ఒక్క నిమిషం పని.

మా ఓనరుగారిని ఇదే అడిగాను. ఈసారి "ఐ విల్ లుక్ ఇన్‌టు ఇట్" అనలేదు, సెక్రటరీగారికి చెప్పి పోయిన వారమే చేర్పించారు. చేరగానే నాకొచ్చిన మొదటి మెసేజి: "రేపు ఉదయం 6 నుంచి 10 వరకు నీళ్ళు రావు." బకెట్లన్నీ నింపి పడుకున్నాం.